మిరప కారం, నరాల కొసలు, నానో కణాలు: పైపూత మందు గురించి కొన్ని ఆలోచనలు

మిర్చి కోతల కాలంలో రోజంతా పండుకాయలు తెంపిన కూలీల చేతులు సాయంత్రానికి భగభగ మండుతాయి. నీళ్లతో ఎన్నిసార్లు కడిగినా ఆ మంట వదలదు. నూనె రాసి తుడిచినప్పుడు మాత్రం కొంత ఊరట కలుగుతుంది. కారానికి ప్రధాన కారణమైన క్యాప్సైసిన్ నీటిలో దాదాపు కరగదు, నూనెలోనూ కొవ్వులోనూ తేలికగా కరుగుతుంది. చర్మం పైపొరలో ఉండే కొవ్వులోకి అది ఒకసారి చేరితే గంటల తరబడి అక్కడే నిలిచి, కొద్దికొద్దిగా లోపలికి దిగుతూ నరాల కొసలను తాకుతూ ఉంటుంది. చేతులను ఇంతగా బాధపెట్టే ఈ లక్షణాలే క్యాప్సైసిన్‌ను నొప్పి తగ్గించే పైపూత మందుగా నిలబెట్టాయి. ఆ మందును కంటికి కనిపించనంత చిన్నవైన నానో కణాల్లో ఇమిడ్చి చర్మంలోకి పంపితే మంట తగ్గి, ఉపశమనం మిగులుతుందా అన్నది ఈ వ్యాసంలో నేను చర్చించదలచిన విషయం.

నేను ఫార్మసీ కళాశాలలో మందుల రూపకల్పనను బోధిస్తాను. పసుపు నానో జెల్, అల్లం నానో క్రీమ్, మిరప నానో లేపనం వంటి శీర్షికలతో విద్యార్థులు ఏటా ప్రాజెక్టులు మొదలుపెడతారు. వారి ఉత్సాహాన్ని నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను. ఆ రంగంపై నాకున్న ఇష్టం కూడా తక్కువేమీ కాదు. అయితే ప్రతి ఏడూ వారికి మొదట చెప్పే మాటనే ఇక్కడా ముందుగా చెబుతాను. నానో కణం మందును మోసుకుపోయే వాహకం మాత్రమే. దానంతట అది మందు కాదు. మొక్క నుంచి తీసిన అణువుకు శరీరంలో ఫలానా చోట ఫలానా పని ఉందని రుజువై, ఆ చోటికి అది సరైన మోతాదులో చేరలేకపోతున్నదని కూడా తేలినప్పుడే వాహకం గురించి ఆలోచించడంలో అర్థం ఉంటుంది. ఈ రెండు షరతులనూ మిగతావాటికంటే స్పష్టంగా తీర్చే మొక్క అణువు క్యాప్సైసిన్ కాబట్టి దానినే ప్రధాన ఉదాహరణగా తీసుకుంటున్నాను.

మొక్కల నుంచి వచ్చిన పదార్థాలను నొప్పి ఉన్న చోట రాసుకోవడం తెలుగువారికి కొత్త కాదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ మొదలుపెట్టినప్పటి నుంచి ఆ పసుపు రంగు సీసా మన ఇళ్లలో ఉంటూనే ఉంది. ఇలాంటి బామ్‌లలో వాడే మెంథాల్, కర్పూరం, వింటర్‌గ్రీన్ తైలంలోని మిథైల్ శాలిసిలేట్ మూడూ మొదట మొక్కల నుంచి వచ్చినవే, మూడూ చర్మంలోకి ఎంతోకొంత దిగేవే. పదార్థం చిన్నదిగా, కొవ్వులో కరిగేదిగా ఉంటే చర్మం దానిని కొంతవరకు రానిస్తుందన్న సంగతిని శాస్త్రం వివరించకముందే అనుభవం పట్టుకుంది.

పైపూత మార్గం కోసం ఇంత శ్రమ ఎందుకని అడిగేవారికి జవాబు నొప్పి మాత్రల్లో ఉంది. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు నొప్పికి, వాపుకు కారణమయ్యే ప్రోస్టాగ్లాండిన్ల తయారీని అడ్డుకుంటాయి. ఆ ప్రోస్టాగ్లాండిన్లే జీర్ణాశయపు లోపలి పొరను కాపాడతాయి, మూత్రపిండాలకు రక్తప్రసరణ తగ్గకుండా చూస్తాయి. అందువల్ల మోకాలి కోసం మింగిన మాత్ర జీర్ణాశయంలో పుండుకు, మూత్రపిండాల దెబ్బకు కారణం కావచ్చు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో మాదిరిగా మూత్రపిండాల జబ్బు విస్తారంగా ఉన్నచోట ఇది పుస్తకాల్లో చదువుకునే హెచ్చరికగా మిగలదు. అక్కడి జబ్బుకు మూలకారణం ఇంకా తేలకపోయినా, ఇప్పటికే దెబ్బతిన్న మూత్రపిండాలున్న మనిషి ఈ మాత్రలకు దూరంగా ఉండాలన్న విషయంలో వైద్యులకు సందేహం లేదు. పొలంలో నడుము వంచి పని చేసేవారికి నొప్పి ఆగదు, మాత్ర మింగడానికి వీలుండదు. అలాంటివారికి నొప్పి ఉన్న చోటే పనిచేసి రక్తంలోకి స్వల్పంగా మాత్రమే చేరే మందు ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు. అమెరికా కీళ్లవ్యాధుల వైద్యుల సంఘం 2019లో ఇచ్చిన మార్గదర్శకాల్లో మోకాలి అరుగుదల నొప్పికి పైపూత నొప్పిమందులను గట్టిగా సిఫార్సు చేసింది. క్యాప్సైసిన్ పూతను కొన్ని పరిమితులతో మోకాలికి సూచించి, చేతివేళ్ల కీళ్లకు మాత్రం వద్దన్నది. వేళ్లకు రాసిన మందు కంట్లో పడే ప్రమాదం ఉండటం అందుకు ఒక కారణం.

ఇక క్యాప్సైసిన్ ఏం చేస్తుందో కాస్త నిదానంగా చూద్దాం. 1878లో హంగేరీకి చెందిన ఎండ్రె హోగ్యెష్ మిరప సారం ప్రధానంగా స్పర్శ నరాలపైనే పనిచేస్తుందని గుర్తించారు. ఆ దేశానికే చెందిన మిక్లోష్ యాంచో, క్యాప్సైసిన్‌ను పదేపదే ప్రయోగించిన జంతువులు తరువాత ఆ పదార్థానికే కాక ఇతర మండించే రసాయనాలకు కూడా స్పందించడం మానేస్తాయని ఇరవయ్యో శతాబ్దం మధ్యలో చూపించారు. మొదట మండించి, ఆపై మండే శక్తినే పోగొట్టే ఈ వింత గుణానికి అణుస్థాయి వివరణ 1997లో దొరికింది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డేవిడ్ జూలియస్ బృందం క్యాప్సైసిన్‌ను గుర్తుపట్టే గ్రాహకానికి, అంటే నరపు కొసపై ద్వారంలా తెరుచుకునే ప్రోటీన్‌కు, చెందిన జన్యువును వెలికితీసింది. ఇప్పుడు టీఆర్‌పీవీ1 అని పిలుస్తున్న ఆ గ్రాహకం సుమారు 43 డిగ్రీల సెల్సియస్‌కు మించిన వేడికి కూడా తెరుచుకుంటుంది. కారం తిన్నప్పుడు నోరు కాలినట్టు అనిపించడానికి ఇదే కారణం. మెదడుకు వెళ్లే సంకేతం రెండు సందర్భాల్లోనూ ఒకే ద్వారం గుండా వెళుతోంది. ఈ పరిశోధనకు గాను జూలియస్‌కు 2021లో ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిపి వైద్య నోబెల్ బహుమతి లభించింది. పక్షుల్లో ఈ గ్రాహకం క్యాప్సైసిన్‌ను పట్టించుకోదు. మిరపతోటలో వాలిన చిలుకలు పండుకాయలను హాయిగా కొరుక్కు తినగలగడం అందుకే.

టీఆర్‌పీవీ1 తెరుచుకోగానే నరపు కొసలోకి కాల్షియం, సోడియం అయాన్లు చొచ్చుకువస్తాయి. నరం సంకేతం పంపుతుంది, మనిషికి మంట తెలుస్తుంది. అక్కడితో ఆగిపోతే క్యాప్సైసిన్ మందు అయ్యేది కాదు. మోతాదు పెరిగి, ద్వారం చాలాసేపు తెరిచే ఉంటే కాల్షియం మితిమీరి చేరి, నరపు కొసకు శక్తినిచ్చే మైటోకాండ్రియా దెబ్బతింటాయి. ఆ కొస పనిచేయడం మాని, క్రమంగా చర్మపు పైభాగం నుంచి వెనక్కు ముడుచుకుపోతుంది. ఆరోగ్యవంతుల చర్మంపై 8 శాతం క్యాప్సైసిన్ ప్యాచ్‌ను ఒక్కసారి ఉంచి, వారం తరువాత చర్మపు ముక్కను సూక్ష్మదర్శినితో పరిశీలించినప్పుడు బాహ్యచర్మంలోని నరపు పోగుల సాంద్రత సుమారు 80 శాతం తగ్గినట్టు తేలింది. 24 వారాలు గడిచేసరికి అవి దాదాపుగా తిరిగి పెరిగాయి. నరం చనిపోదు, కొన్ని నెలల పాటు పక్కకు తప్పుకుంటుంది. ఆ వ్యవధిలో దారి తప్పి అదే పనిగా నొప్పి సంకేతాలు పంపుతున్న కొసలు మూగబోవడం వల్ల రోగికి ఉపశమనం కలుగుతుంది. మొక్కల రసాయనాల్లో చర్య ఇంత స్పష్టంగా తేలినవి చాలా తక్కువ.

కష్టమంతా ఆ మొదటి మంట దగ్గరే వస్తుంది. మందుల దుకాణాల్లో దొరికే క్యాప్సైసిన్ క్రీమ్‌లలో సాధారణంగా 0.025 శాతం లేదా 0.075 శాతం మందు ఉంటుంది. దీనిని రోజుకు మూడు నాలుగు సార్లు, కొన్ని వారాల పాటు క్రమం తప్పకుండా రాస్తేనే ఫలితం కనిపిస్తుంది. మొదటి వారంలో మంట ఎక్కువగా ఉండటంతో చాలామంది ఫలితం కనిపించే దశకు చేరకముందే మానేస్తారు. రెండో మార్గం 2009లో ఐరోపాలోనూ అమెరికాలోనూ ఆమోదం పొందిన 8 శాతం ప్యాచ్. 14 సెంటీమీటర్ల వెడల్పు, 20 సెంటీమీటర్ల పొడవున్న ఆ పట్టీలో 179 మిల్లీగ్రాముల క్యాప్సైసిన్ ఉంటుంది. సర్పి తగ్గిన తరువాత మిగిలిపోయే నరాల నొప్పికి దానిని ఒక గంటసేపు ఉంచుతారు. మధుమేహం వల్ల పాదాల్లో వచ్చే నరాల నొప్పికి 2020లో అమెరికాలో అనుమతి లభించింది. అక్కడ 30 నిమిషాలు చాలు. మళ్లీ పెట్టాలంటే కనీసం మూడు నెలలు ఆగాలి. ప్యాచ్ పెట్టే సిబ్బంది నైట్రైల్ చేతితొడుగులు ధరించాలి, ఎందుకంటే లేటెక్స్ తొడుగులు క్యాప్సైసిన్‌ను ఆపలేవు. రోగికి కలిగే మంటను చల్లని పట్టీలతోనూ అవసరమైతే నొప్పిమందులతోనూ అదుపు చేస్తారు, రక్తపోటు పెరుగుతోందేమో గమనిస్తూ ఉంటారు. మంచి మందే, కానీ ఆసుపత్రి గడప దాటి ఇంటికి రాలేని మందు. ఇంట్లో వాడదగిన క్రీమ్‌కు శక్తి చాలదు, శక్తి ఉన్న ప్యాచ్‌ను ఇంట్లో వాడలేం. ఈ రెండింటి నడుమ ఉన్న ఖాళీలోనే నానో కణాలకు చోటుంది.

చర్మం సంగతి కొంచెం తెలియకుండా ఆ చోటు ఎంతో అంచనా వేయలేము. మన చర్మపు అత్యంత పైపొర మందం శరీరంలోని చాలా భాగాల్లో 10 నుంచి 20 మైక్రోమీటర్లు మాత్రమే. ఎండిన చర్మకణాలు ఇటుకల మాదిరిగా పేర్చి ఉండగా, వాటి మధ్య సిరమైడ్లనే కొవ్వులు, కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు సున్నంలా పట్టి ఉంటాయి. అణుభారం 500 డాల్టన్లకు (అణువుల బరువును కొలిచే ప్రమాణం) మించిన పదార్థాలు ఈ గోడను దాటడం చాలా కష్టమని 2000లో ప్రచురితమైన ఒక పరిశీలన ఇప్పటికీ మాకు కొలబద్దగా ఉపయోగపడుతోంది. క్యాప్సైసిన్ అణుభారం సుమారు 305. పైగా కొవ్వులో కరుగుతుంది. అంటే అది గోడను దాటలేని పదార్థం కాదు. నానో కణాలు క్యాప్సైసిన్‌ను చర్మంలోకి తీసుకువెళతాయని రాసే ప్రాజెక్టు నివేదికల పట్ల నాకున్న మొదటి అభ్యంతరం ఇదే. తీసుకువెళ్లేవారు లేకపోయినా అది వెళుతుందని మిర్చి కూలీల చేతులే చెబుతున్నాయి. మనకు కావలసింది వేరు. రాసిన మొదటి నిమిషాల్లో ఒక్కసారిగా నరాల కొసలపై విరుచుకుపడకుండా మందును అదుపులో ఉంచాలి, పైపొరలోనే చిక్కుకుపోకుండా దాని కిందనున్న సజీవ చర్మంలో నెమ్మదిగా, ఎక్కువసేపు విడుదలయ్యేలా చూడాలి. వేగం పెంచడం కన్నా వేగాన్ని నియంత్రించడం ఇక్కడ ముఖ్యం.

వాహకాల్లో రకాలు చాలా ఉన్నాయి. 1960లలో ఇంగ్లండులో అలెక్ బాంగమ్ వర్ణించిన లైపోజోములు అందరికంటే పాతవి. ఫాస్ఫోలిపిడ్ అనే ఒక రకం కొవ్వు పొరలతో ఏర్పడిన ఈ సూక్ష్మ గోళాలు చాలావరకు చర్మం పైపొరలోనే ఆగిపోతాయి. వంగి, సాగి ఇరుకు సందుల్లోంచి జారగలిగే ట్రాన్స్‌ఫర్సోములు, గణనీయమైన మోతాదులో ఇథనాల్ కలిపిన ఇథోజోములు 1990లలో వచ్చాయి. ఇథోజోములను జెరూసలేంలోని హీబ్రూ విశ్వవిద్యాలయంలో ఎల్కా టూయిటూ రూపొందించారు. ఇథనాల్ చర్మపు కొవ్వును సడలించడం వల్ల మందు లోతుగా దిగుతుంది, కానీ మండే మందుకు ఇథనాల్ తోడైతే రోగికి ఎలా ఉంటుందో కూడా ఆలోచించాలి. క్యాప్సైసిన్ విషయంలో నాకు ఎక్కువ నమ్మకం కలిగించేవి కొవ్వు కణాలు. గది ఉష్ణోగ్రత వద్ద గట్టిగా ఉండే కొవ్వులో మందును బంధించడం వీటి సూత్రం.

వీటి తయారీని ప్రయోగశాలలో చూసినవారికి ఆ సూత్రం బాగా అర్థమవుతుంది. క్యాప్సైసిన్ పొడిని తూచే పనే ముందు జాగ్రత్త నేర్పుతుంది. గాలిని బయటికి లాగే పెట్టె వెలుపల మూత తీస్తే గదిలో ఉన్నవారంతా దగ్గడం మొదలుపెడతారు. గ్లిసరైల్ బెహెనేట్ వంటి గట్టి కొవ్వును దాని కరుగు ఉష్ణోగ్రతకు కొంచెం పైన కరిగించి, కొద్దిగా ఓలియిక్ ఆమ్లం వంటి ద్రవ నూనె కలిపి, అందులో క్యాప్సైసిన్‌ను కరిగిస్తాము. వేరొక పాత్రలో, నూనె నీటిలో కలిసి నిలిచేలా చేసే ట్వీన్ 80 కలిపిన నీటిని అదే ఉష్ణోగ్రతకు తెస్తాము. రెండింటినీ కలిపి అతివేగంగా తిప్పి, ఆపై అల్ట్రాసౌండ్ కడ్డీని ముంచితే తెల్లని ద్రవం క్రమంగా పలచని నీలిఛాయకు తిరుగుతుంది. కణాలు తగినంత చిన్నవయ్యాయని కంటికి తెలిపే మొదటి గుర్తు అది. చల్లారేకొద్దీ కొవ్వు గట్టిపడి మందు లోపల చిక్కుకుంటుంది. ఇలా వచ్చే కణాల పరిమాణం సాధారణంగా 100 నుంచి 300 నానోమీటర్ల మధ్య ఉంటుంది. ద్రవ నూనె కలపడానికి బలమైన కారణమే ఉంది. పూర్తిగా గట్టి కొవ్వుతో చేసిన కణాలు నిలవలో నెమ్మదిగా మరింత క్రమబద్ధమైన స్ఫటికాలుగా మారి, లోపలి మందును బయటకు నెట్టివేస్తాయి. తయారైన రోజున 90 శాతం మందు కణాల లోపల ఉందని రాసుకున్నవారు మూడు నెలల తరువాత మళ్లీ కొలవాలి. ఆ రెండో కొలత లేని నివేదికను నేను పూర్తయినదిగా లెక్కించను.

తయారీ కన్నా పరీక్షలోనే పొరపాటుకు ఎక్కువ ఆస్కారం ఉంది. చర్మం గుండా మందు ఎంత వెళుతోందో కొలవడానికి ఫ్రాంజ్ డిఫ్యూజన్ సెల్ అనే గాజు పరికరాన్ని వాడతాము. కింది గదిలో ద్రవం, దాని మీద బిగించిన చర్మపు ముక్క, ఆ చర్మంపై పూసిన మందు, ఇదీ ఏర్పాటు. చుట్టూ ఉన్న గాజు కవచంలో వెచ్చని నీరు తిరుగుతూ చర్మపు ఉపరితలాన్ని 32 డిగ్రీల దగ్గర ఉంచుతుంది, అడుగున చిన్న అయస్కాంతం తిరుగుతూ ద్రవాన్ని కలుపుతుంది. నిర్ణీత సమయాల్లో పక్కగొట్టం నుంచి కొద్ది ద్రవం తీసి, అంతే కొత్త ద్రవం పోయాలి. చర్మం కింద ఒక్క గాలిబుడగ నిలిచినా ఆ మేరకు మందు దిగే వైశాల్యం తగ్గిపోతుంది. క్యాప్సైసిన్ నీటిలో కరగదు కాబట్టి కింది గదిలో ఉత్త బఫర్ ద్రావణం (ఆమ్లత మారకుండా ఉండే నీటి ద్రావణం) పోస్తే, చర్మాన్ని దాటి రావలసిన మందు కరిగే చోటు లేక అక్కడే ఆగిపోతుంది. అంకెలు తక్కువగా కనిపిస్తాయి. దానికి తోడు చర్మం ఎవరిదన్న ప్రశ్న ఉంది. ఎలుక చర్మం మనిషి చర్మం కన్నా పలచన, వెంట్రుకల కుదుళ్లు చాలా ఎక్కువ, మందును చాలా సులువుగా దాటనిస్తుంది. పంది చెవి చర్మం మనకు మరింత దగ్గరగా ఉంటుంది, అయితే దానిని కబేళాలో వేడినీళ్లు పోయకముందే తీసుకోవాలి, వేడి తగిలితే పైపొర పాడైపోతుంది. ఎలుక చర్మంపై వచ్చిన ఫలితాన్ని పట్టుకొని మనుషుల మోకాలి గురించి రాసే వాక్యాలను నేను నిస్సంకోచంగా కొట్టివేస్తాను.

సరిపోల్చే నమూనా ఎంపిక కూడా అంతే ముఖ్యం. నానో జెల్‌ను ఆల్కహాల్‌లో కరిగించిన మామూలు మందుతో పోల్చి రెండింతలు మేలని చెప్పడం తేలిక. అవే కొవ్వులు, అదే ట్వీన్, అదే మోతాదు క్యాప్సైసిన్ వాడి, కణాలుగా మార్చకుండా చేసిన క్రీమ్‌తో పోల్చినప్పుడే కణరూపం వల్ల కలిగిన మేలెంతో తెలుస్తుంది. చాలా సందర్భాల్లో ఆ మేలు తగ్గిపోతుంది. ట్వీన్, ఓలియిక్ ఆమ్లం రెండూ స్వయంగా చర్మపు కొవ్వును సడలించగలవు మరి. కణాలు చెక్కుచెదరకుండా చర్మం లోతుల్లోకి ప్రయాణిస్తాయని నివేదికల బొమ్మల్లో చూపిస్తారు గాని, చాలా కణాలు పైపొర మీదనే విచ్చిపోతాయి, లేదా వెంట్రుకల కుదుళ్లలో చేరి అక్కడ నిలుస్తాయి. నా దృష్టిలో ఇది నిరాశపడవలసిన విషయం కాదు. కుదురులో నిలిచిన కణం మందును కొద్దికొద్దిగా వదిలే నిల్వగా పనిచేస్తుంది. క్యాప్సైసిన్ కోసం మనం కోరుకున్నదే అది.

పసుపు విషయానికి వస్తే నా అభిప్రాయం మారుతుంది. నిజామాబాద్, దుగ్గిరాల మార్కెట్లను చూసిన వారెవరికైనా పసుపు మీద మమకారం సహజం. గాయం మాన్పే పసుపుపై 1995లో అమెరికాలో ఇచ్చిన పేటెంటును మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్‌ఐఆర్) సవాలు చేసి 1997లో రద్దు చేయించిన సంగతి నాకు ఇప్పటికీ గర్వకారణం. అయినా పసుపులోని కర్క్యుమిన్ క్యాప్సైసిన్ వంటి అణువు కాదు. దానికి ఫలానా గ్రాహకం అని వేలు పెట్టి చూపగలిగినది లేదు. పరీక్షనాళికలో అనేక ప్రోటీన్లతో అది కలగజేసుకుంటుంది, సొంత రంగుతోనూ చర్యాశీలతతోనూ పరీక్షలనే తప్పుదారి పట్టిస్తుంది. ఔషధ రసాయన శాస్త్రవేత్తలు 2017లో ప్రచురించిన ఒక విస్తృత సమీక్ష ఈ లోపాలను కఠినంగా ఎత్తిచూపింది. శరీర ద్రవాల వంటి తటస్థ ద్రావణంలో కర్క్యుమిన్ అర గంటలోనే దాదాపు 90 శాతం విచ్ఛిన్నమవుతుంది. ఈ విచ్ఛిన్నాన్ని కొవ్వు కణం నిజంగానే ఆపగలదు, ఆ మేరకు నానో రూపానికి ప్రయోజనం ఉంది. నోటి ద్వారా ఇచ్చిన కొన్ని చిన్న పరీక్షల్లో మోకాలి నొప్పి కొంత తగ్గినట్టు ఫలితాలు వచ్చిన మాట కూడా నిజం. చర్మం మీద రాసినప్పుడు అది ఏ కొసను తాకి, ఏ మోతాదులో నొప్పిని తగ్గిస్తుందో తేల్చకుండా వాహకాన్ని మాత్రం ఏటికేడాది మెరుగుపరుస్తూ పోవడం వల్ల రోగికి ఏమి ఒరుగుతుందో నాకు అర్థం కాదు. మోకాలికి రాసే నానో కర్క్యుమిన్ జెల్ చేస్తామని వచ్చే విద్యార్థులను ముందుగా ఈ ప్రశ్నకు జవాబు రాయమంటాను.

నొప్పి ఎంత లోతులో ఉందన్నది మరో చిక్కు. సర్పి తరువాతి నొప్పిలోనూ మధుమేహుల పాదాల మంటల్లోనూ దెబ్బతిన్న నరాల కొసలు బాహ్యచర్మంలోనే, పైపొరకు కొద్ది మైక్రోమీటర్ల కిందనే ఉంటాయి. పైపూత అక్కడికి చేరగలదు. మోకాలి కీలు అలా కాదు. చర్మం, కొవ్వు, కండర బంధనాలు దాటి సెంటీమీటరుకు పైగా దిగాలి. దారిలో చర్మపు లోపలి పొరైన అంతశ్చర్మంలోని రక్తనాళాలు మందును ఎప్పటికప్పుడు ఎత్తుకుపోతుంటాయి. మోకాలిపై రాసిన క్యాప్సైసిన్ వల్ల కలిగే ఉపశమనంలో ఎక్కువ భాగం చర్మంలోని నరాల ద్వారానే వస్తుందనుకోవడం నాకు సబబుగా తోస్తుంది. కీలు లోపలికే మందును పంపాలంటే సూది వేయక తప్పదు, అప్పుడు కావలసిన కణం కూడా మారిపోతుంది. కీలులో వేసిన చిన్న అణువులు గంటల వ్యవధిలో రక్తంలోకి జారిపోతాయి, అతి చిన్న కణాలు కూడా ఎక్కువ కాలం నిలవవు. 2017లో అమెరికాలో మోకాలికి అనుమతి పొందిన స్టెరాయిడ్ ఇంజెక్షన్‌లో మందును పాలిమర్ మైక్రోగోళాల్లో పెట్టారు. శస్త్రచికిత్స నొప్పికి 2011లో అనుమతి పొందిన లైపోజోముల బుపివకెయిన్ అనే తిమ్మిరి మందులోని గోళాలు కూడా మైక్రోమీటర్లలో కొలవదగినవే. ఎక్కువ కాలం ఒకేచోట ఉండవలసిన పనికి పెద్ద కణమే మేలన్నమాట. ఎంత చిన్నదైతే అంత గొప్పదన్న భావన మా రంగంలో బలంగా పాతుకుపోయింది గనుక దీనిని ప్రత్యేకంగా చెబుతున్నాను.

మనుషులపై పరీక్షల దగ్గర క్యాప్సైసిన్‌కు సహజమైన ఒక ఇబ్బంది ఎదురవుతుంది. మందు రాసిన వారికి మండుతుంది, ఉత్తుత్తి మందు రాసిన వారికి మండదు. తమకు ఏది దక్కిందో రోగులు తొలిరోజే ఊహించగలరు. నొప్పిని కొలిచేది రోగి మాటతోనే కాబట్టి ఆ ఊహ ఫలితాన్ని ప్రభావితం చేస్తుంది. 8 శాతం ప్యాచ్‌ను పరీక్షించినవారు దీనికి మంచి ఉపాయం ఆలోచించారు. ఖాళీ ప్యాచ్‌కు బదులు 0.04 శాతం క్యాప్సైసిన్ ఉన్న ప్యాచ్‌తో పోల్చారు. కొద్దిగా మండుతుంది, చికిత్సకు చాలదు. మంట తగ్గించడమే లక్ష్యంగా చేసిన నానో రూపాలను పరీక్షించేవారు ఒకేసారి రెండు విషయాలను నిరూపించాలి: మామూలు క్రీమ్ కంటే మంట తక్కువగా ఉండాలి, ఉపశమనం ఏమాత్రం తగ్గకూడదు. నరపు కొస ముడుచుకుపోవాలంటే గ్రాహకం తగినంతసేపు తెరిచి ఉండక తప్పదు. మంటను పూర్తిగా తొలగించామని ఎవరైనా చెబితే, మందు కూడా నరాన్ని చేరలేదేమో చూడాలి. జంతువులపై చేసిన వేడి పలక పరీక్ష, పాదం వాపు పరీక్ష ఈ ప్రశ్నకు జవాబివ్వలేవు.

మన దేశంలో నానో మందుల మదింపునకు 2019లో మార్గదర్శకాలు వెలువడ్డాయి. కణాల పరిమాణం, స్థిరత్వం, మందు విడుదల, విషప్రభావం వంటివన్నీ విడిగా చూపాలని అవి కోరుతున్నాయి. నానో అన్న మాట అచ్చువేసిన ప్రతి జెల్ సీసా ఈ పరీక్షలన్నీ దాటి వచ్చిందని అనుకోకూడదు. కొనేవారు సీసాపై మందు పేరు, శాతం ఉన్నాయో లేదో చూడాలి. క్యాప్సైసిన్ ఎంత శాతమో రాయని మిరప లేపనాన్ని నేనైతే మా ఇంట్లో పెద్దవాళ్లకు ఇవ్వను.

ఇప్పటికే క్యాప్సైసిన్ క్రీమ్ వాడుతున్నవారికి నాలుగు మాటలు చెప్పి ముగిస్తాను. రాసిన వెంటనే చేతులను సబ్బుతో శుభ్రంగా కడుక్కోవాలి, కళ్లద్దాలకు బదులు కంట్లో లెన్సులు పెట్టుకునేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. వేడినీళ్ల స్నానానికి ముందు గానీ వెంటనే తరువాత గానీ రాస్తే మంట రెట్టింపవుతుంది, ఎందుకంటే వేడి, క్యాప్సైసిన్ రెండూ తెరిచేది ఒకే గ్రాహకాన్ని. రాసిన చోట కట్టు బిగించడం, కాపడం పెట్టడం చేయకూడదు. మెంథాల్, మిథైల్ శాలిసిలేట్, క్యాప్సైసిన్ ఉన్న పైపూతల వల్ల కొందరి చర్మం కాలిపోయిన ఘటనలపై అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2012లో హెచ్చరిక జారీ చేసింది. వంటింటి కారంపొడిని నూనెలో కలిపి మోకాలికి పట్టు వేయడం అస్సలు వద్దు, అందులో క్యాప్సైసిన్ ఎంత ఉందో, ఎంత దిగుతుందో ఎవరికీ తెలియదు. మధుమేహం ఉన్నవారు పాదాల మంటలకు ఈ క్రీమ్ వాడాలనుకుంటే ముందుగా వైద్యుల చేత పాదాల స్పర్శ పరీక్ష చేయించుకోవాలి. స్పర్శ తగ్గిన పాదంలో చర్మం కాలి బొబ్బలెక్కినా ఆ మనిషికి తెలియకపోవచ్చు. అలాంటి పాదంలో చిన్న పుండు కూడా మానడానికి నెలలు పడుతుంది.